కాఫీని పండుగా అమ్మాలా, పార్చ్‌మెంటు చేయాలా? మా ఇంట్లో తేలడం లేదు

హుకుంపేట_చిన్నబ్బాయి

మాది హుకుంపేట మండలంలో ఒక చిన్న ఊరు. అటవీ హక్కుల పట్టా కింద వచ్చిన రెండెకరాల కొండవాలులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు, ఇంటి వెనుక కొద్దిగా పసుపు, రాజ్‌మా ఉన్నాయి. తోటను నాన్న, అమ్మ, వదిన చూసుకుంటారు. అన్నయ్య ఆటో నడుపుతాడు. నేను విశాఖ దగ్గర ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తూ, పండ్లు కోసే రోజుల్లో సెలవు పెట్టి ఊరికి వస్తుంటాను.

గత సీజనులో మాకు సుమారు పదిహేను వందల కిలోల పండు వచ్చింది. నాన్న ఎప్పటిలాగే పల్పింగ్ చేయించి, అంటే పండు పైతొక్క వలిపించి, జిగురు కడిగించి ఎండబెట్టి, పలచటి పొరతో ఉన్న గింజగా (అదే పార్చ్‌మెంటు) అమ్మారు. ఈసారి అన్నయ్య అడ్డం తిరిగాడు. రోడ్డు మీదికి వచ్చే ఒక సంస్థ బండి కిలో పండుకు 70 రూపాయలు ఇస్తుందని, అంటే 1,05,000 వస్తుందని అతని లెక్క. ఐదు కిలోల పండుకు ఒక కిలో చొప్పున మూడు వందల కిలోల పార్చ్‌మెంటు వస్తుందని, కిలో 400 అయితే 1,20,000 అవుతుందని నాన్న లెక్క. పదిహేను వేల కోసం రెండు నెలలు ఇల్లంతా నిద్ర మానుకోవాలా అని అన్నయ్య అంటాడు. పదిహేను వేలు చెట్టుకు కాస్తాయా అని నాన్న అంటారు. చెట్టుకు కాసేవే కదా అని నేను నవ్వబోయి తిట్లు తిన్నాను.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మా చెల్లెలి కాలేజీ ఫీజు కోసం నాన్న ఆషాఢంలో ఒక వ్యాపారి దగ్గర ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నారు. సరుకు తనకే ఇవ్వాలని, అదీ బజారు కంటే తక్కువకు ఇవ్వాలని ఆయన మాట తీసుకున్నాడు. ఇక్కడ తోటలు ఉన్నవాళ్ళు ఎలా చేస్తున్నారో చెప్పండి.

జి_మాడుగుల_చలి

మా ఇంట్లో ఇదే గొడవ మూడేళ్ళ నుంచి నడుస్తోంది. కాయ పండే లోపు మేమే పండిపోయేలా ఉన్నాము.

లెక్కల_పద్దు

మీ నాన్నగారి లెక్కలో ఐదు కిలోలకు ఒక కిలో అన్నది బాగా నీరు అందిన, నిండుగా ఊరిన పండుకు సరిపోతుంది. మా కావేరి రకం మొక్కల్లో, ముఖ్యంగా పూత తరువాతి వానలు సరిగా పడని ఏడాది, ఐదున్నర కిలోలు పడుతోంది. అలా చూస్తే పదిహేను వందల కిలోలకు 273 కిలోలే వస్తుంది, అంటే లక్షా తొమ్మిది వేలు. తేడా పదిహేను వేలు కాదు, నాలుగు వేలు. గింజ పది శాతం తేమకు ఎండలేదని తూకం దగ్గర కోత వేస్తే ఆ నాలుగు వేలు కూడా మిగలవు.

మిరియాల_తీగ

లెక్కల పద్దు గారు చెప్పింది నిజమే కాని అన్నయ్య గారి లెక్క కూడా అంతే తీపిగా ఉంది. 70 రూపాయలు ఎర్రగా పండిన పండుకే ఇస్తారు. బండి దగ్గర బుట్టను గుమ్మరించి పచ్చివి, దోరవి, పుల్లలు ఏరి వెనక్కి ఇస్తారు. మా చింతపల్లి వైపు మొదటి కోతలో ఐదోవంతు వెనక్కి వచ్చిన రోజులు ఉన్నాయి.

లెక్కల_పద్దు

ఒప్పుకుంటాను. అయితే పచ్చికాయను పల్పరు (తొక్క వలిచే యంత్రం) కూడా సరిగా వలవదు. పార్చ్‌మెంటు చేసేవాళ్ళు కూడా దాన్ని ఏరి విడిగా ఎండబెట్టాల్సిందే. అది రెండు లెక్కల్లోనూ పోతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి, మిగిలిన తేడానే చూడండి.

డుంబ్రిగూడ_కోడలు

ఇప్పటివరకు నలుగురు లెక్కలు వేశారు. రాత్రి పని ఎవరు చేస్తారన్నది ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు.

పొద్దున ఏడింటికి తోటలోకి వెళ్తే పండు కోసి దిగేసరికి చీకటి పడుతుంది. కోసిన పండు రాత్రంతా సంచిలో ఉంటే వేడెక్కి పులుస్తుంది కాబట్టి ఆ పూటే వలవాలి. మగవాళ్ళు సంచులు దించి చలిమంట దగ్గర కూర్చుంటారు. మా అత్తగారు, నేను వంట చేసి, పిల్లలకు పెట్టి, ఆ తరువాత ఫోను లైటు వెలుగులో బేబీ పల్పర్ తిప్పుతాము. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు పండు, నీళ్ళు పోస్తూ ఉండాలి. వలిచిన గింజను డ్రమ్ములో వేసి జిగురు పులియబెడతాము. వేడి ప్రాంతాల్లో ఒక రోజుకే అయిపోతుందట కాని డిసెంబరు చలిలో మాకు రెండో రాత్రి వరకు పడుతుంది. గుప్పెడు గింజలు తీసి అరచేతిలో రుద్దితే గులకరాళ్ళలా గరగరమనాలి. జారుతూ ఉంటే ఇంకా కాలేదని అర్థం. గరగరమన్న తరువాత గెడ్డ (కొండవాగు) దగ్గరికి మోసుకెళ్ళి మూడు నీళ్ళు కడగాలి. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టిన కాసేపటికి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియదు. జిగురు పులుపుకు గోళ్ళ పక్కన చర్మం చీలి, మరునాడు కూరలో కారం వేస్తే ప్రాణం పోతుంది.

మీ ఇంట్లో ఈ పని మీ అమ్మగారు, వదినగారు చేస్తున్నారని మీ పోస్టులోనే ఉంది. మీ నాన్నగారి మాట రాశారు, అన్నగారి మాట రాశారు. వాళ్ళిద్దరి మాట ఎక్కడ?

హుకుంపేట_చిన్నబ్బాయి

నిజం చెప్పాలంటే నేను వాళ్ళను అడగలేదు.

లెక్కల_పద్దు

కోడలు గారి మాటకు నా దగ్గర సమాధానం లేదు, అంకెలు మాత్రం ఉన్నాయి. రాత్రికి మూడు గంటల చొప్పున, ముప్పై నాలుగు రాత్రులు, ఇద్దరు ఆడవాళ్ళు అనుకుంటే 204 గంటలు అవుతుంది. తేడా పదిహేను వేలే అనుకున్నా గంటకు 73 రూపాయలు. ఐదున్నర కిలోల లెక్క ప్రకారం తేడా నాలుగు వేలే కాబట్టి గంటకు 20 రూపాయలు. ఉపాధి హామీ పనిలో 2024-25లోనే రోజుకు మూడు వందలు వచ్చింది, పగటి పూట, ఎండలో.

జి_మాడుగుల_చలి

ఈ అంకెలు మా ఆవిడకు చూపించకండి. ఇప్పటికే చూపించాను.

సంత_బేరం

నేను సంతల్లో సరుకు కొనేవాడిని. ఇక్కడ వ్యాపారి అనగానే అందరూ ముఖం చిట్లిస్తారు కాబట్టి నా మాట కూడా వినండి. ఆషాఢంలో, చోళ్ళ (రాగుల) గంప అడుగంటినప్పుడు, పిల్లకు ఫీజు కట్టాల్సినప్పుడు, ఒక సంతకం కూడా లేకుండా ఇరవై వేలు చేతిలో పెట్టేది ఎవరు? కాయ పచ్చిగా ఉండగానే నేను డబ్బు ఇస్తాను. అక్టోబరులో తుపాను వచ్చి కాయ రాలిపోతే ఆ అప్పు మరుసటి ఏడాదికి మోస్తాను. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇచ్చిన అడ్వాన్సుల్లో సగం నాలుగేళ్ళకు కాని తిరిగి రాలేదు. కిలోకు కొంత తగ్గించి కొంటున్నానంటే అందులో ఆ వడ్డీ ఉంది, ఆ ప్రమాదం ఉంది.

మిరియాల_తీగ

సంత బేరం గారూ, ఆ వడ్డీ ఎంతో మీరే చెప్పండి. ఇరవై వేలకు బదులుగా మూడు వందల కిలోల మీద కిలోకు నలభై తగ్గిస్తే పన్నెండు వేలు. ఆషాఢం నుంచి పుష్యం వరకు ఆరు నెలలే. డ్వాక్రా సంఘంలో తీసుకుంటే ఎంత పడుతుందో మా ఊళ్ళో చదువు రాని అవ్వకు కూడా తెలుసు.

సంత_బేరం

నేను నలభై తగ్గించను. తగ్గించేవాళ్ళు లేరని మాత్రం అనను. సంఘంలో అప్పు అడిగిన నెలలోనే దొరుకుతుందా అన్నది కూడా మీరే చెప్పాలి.

మిరియాల_తీగ

దొరకదు. అందుకే మేము మిరియాలు దాస్తాము. ఫాల్గుణంలో కోసి ఎండబెట్టిన మిరియాల్లో ఒక బస్తా అమ్మకుండా అటక మీద పెడతాము, అది ఆషాఢంలో మాకు బ్యాంకు. పూర్తిగా ఎండిన మిరియాలకు పురుగు అంత తొందరగా పట్టదు, తడి తగలకుండా ఉంటే బూజు పట్టదు. తీగలు ఉన్న ఇల్లు అడ్వాన్సు కోసం వాకిలి దాటాల్సిన పని లేదు. చిన్నబ్బాయి గారూ, మీ మిరియాలు ఏమవుతున్నాయి?

హుకుంపేట_చిన్నబ్బాయి

కోసిన వారంలోనే సంతలో అమ్మేస్తున్నాము. ఈ ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

కాఫీ_ప్రియ_విశాఖ

నేను వినియోగదారును. అరకు కాఫీ ప్యాకెట్టుకు పెట్టే ధర చూసి, దాంట్లో సగమైనా మీకు చేరుతుందనుకున్నాను. ఒక చిన్న సందేహం: పండును అలాగే ఎండబెట్టి చెర్రీగా అమ్మితే రాత్రి పని ఉండదు కదా?

పాడేరు_మాస్టారు

మంచి ప్రశ్నే. మా నాన్న తరంలో అందరూ అదే చేసేవారు. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

తూర్పు కనుమల్లో ఈ పంటను 1898 ప్రాంతంలో పాములేరు లోయలో బ్రోడీ అనే ఆంగ్లేయుడు వేశాడంటారు. గిరిజనుల చేతికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. అటవీ శాఖ తోటల్లో కూలికి వెళ్ళి మొక్కను చూసినవాళ్ళు మా తాతల కాలంలో ఉన్నారు. పోడు కొట్టుకునే కొండవాలుల్లో మాకే మొక్కలు ఇచ్చి, నీడ చెట్లు నాటించి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు వాళ్ళు ఇంటింటికి తోట అన్న పని మొదలుపెట్టిన తరువాతనే ఇది మా పంట అయింది. మొక్క పెట్టిన మూడు నాలుగేళ్ళకు కాని కాపు రాదు. అప్పటివరకు సామలు, చోళ్ళు మానేసి ఏమి తినాలని మా నాయనమ్మ అధికారులను నిలదీసిందని ఇంట్లో చెప్పుకుంటారు.

పల్పర్లు లేని ఆ రోజుల్లో పండును మట్టి నేల మీద పోసి ఎండబెట్టేవాళ్ళము. మంచు, పొగమంచు, మధ్యలో ఒక తుపాను వాన, కోళ్ళు, మేకలు. పార్చ్‌మెంటు ఎండడానికి వారం పది రోజులు చాలు కాని, గుజ్జుతో ఉన్న పండుకు పదిహేను ఇరవై రోజులు పడుతుంది. ఈలోగా బూజు పట్టి, మట్టి వాసన పీల్చుకుని, కొనేవాడి దయ మీద బతికేవాళ్ళము. మూడు కిలోల పండుకు ఒక కిలో ఎండు చెర్రీ వస్తుంది. మా ఊళ్ళో పోయిన ఏడాది దానికి కిలోకు 200 ఇచ్చారు. చిన్నబ్బాయి గారి పంటకు ఆ లెక్కన లక్ష వస్తుంది, నలుగురు మనుషులు తిరిగేంత కళ్ళం ఉంటే.

ఎస్టేట్_రైటర్

నేను చిక్కమగళూరు దగ్గర ఒక తోటలో పదకొండేళ్ళుగా రైటరుగా ఉన్నాను, మాది శ్రీకాకుళం జిల్లా. ఎవరు ఎన్ని కిలోలు కోశారు, ఎవరికి ఎంత ఇవ్వాలి అని చిట్టా రాసేది నేనే. మా తోటలో రాత్రి పల్పింగుకు నిలబడ్డ మనిషికి పగటి కూలి కాకుండా విడిగా డబ్బు ఇస్తారు, దానికి వేరే గడి ఉంటుంది. ఇక్కడ తోట అంటే వందల ఎకరాలు, పెద్ద పల్పింగ్ షెడ్డు, సిమెంటు కళ్ళాలు, కోతకు అస్సాం నుంచి వచ్చే కూలీలు. మీ రెండెకరాలకు దాన్ని పోల్చడం కుదరదని తెలుసు. అయినా ఒక్క మాట. ఇక్కడ యజమాని ఖర్చులో రాసుకునే పనినే అక్కడ మీరు లాభంలో రాసుకుంటున్నారు.

డుంబ్రిగూడ_కోడలు

రైటరు గారూ, మీ మాటను మా అత్తగారికి చదివి వినిపించాను. ఆ గడి మా చిట్టాలో కూడా గీయమని అడిగింది.

గెడ్డవార

అందరూ ఇల్లు, డబ్బు గురించి మాట్లాడుతున్నారు. మేము మీ కింది ఊరివాళ్ళం. డిసెంబరు, జనవరి నెలల్లో గెడ్డలో పుల్లటి వాసన, పైన నురగ, అడుగున గోధుమ రంగు తుక్కు. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటాయి. చేపలు పైకి తేలిన ఏడాది కూడా ఉంది. ఒక ఇంటి పల్పరు అయితే గెడ్డ ఓర్చుకుంటుంది, నలభై ఇళ్ళవాళ్ళు అక్కడే కడిగితే ఎలా? పార్చ్‌మెంటు ధరలో ఈ నీళ్ళ ధర కూడా కలపండి.

జి_మాడుగుల_చలి

ఇందులో మాత్రం హాస్యం లేదు, గెడ్డవార గారు చెప్పింది నిజం. మా ఊళ్ళో రెండు ఊళ్ళవాళ్ళు దీని మీద పంచాయితీ పెట్టుకున్నారు. తొక్కను గెడ్డలో వేయకుండా గొయ్యిలో వేసి, పేడ కలిపి మగ్గబెట్టి మళ్ళీ మొక్కకే వేయాలని, మొదటి కడుగు నీళ్ళను గుంతలోకి మళ్ళించాలని తీర్మానం చేశారు. తొక్క విషయం అందరూ పాటిస్తున్నారు. గుంత ఇంకా ముగ్గురే తవ్వారు, అందులో నేను లేను.

మిరియాల_తీగ

అందుకే పెద్ద కేంద్రాలకు పండు అమ్మడమే నయమని నా అభిప్రాయం. కడుగు నీళ్ళ బాధ వాళ్ళదే అవుతుంది. ఒకే చోట, ఒకే తీరున పులియబెడతారు కాబట్టి కాఫీ రుచి కూడా నిలకడగా ఉంటుంది, బయటి దేశాలకు వెళ్ళే సరుకు వాళ్ళకు అలాగే కావాలి. ఇంటింటికి ఒక రకంగా పులిసిన గింజను కలిపితే మంచి ఇంటి గింజకు కూడా చెడ్డ ఇంటి వాసన వస్తుంది.

పాడేరు_మాస్టారు

మిరియాల తీగ గారితో ఇక్కడ విభేదిస్తాను. పండు నిలవ ఉండదు. కోసిన సాయంత్రమే అమ్మాలి, ఆ రోజు బండి రాకపోతే, వచ్చినవాడు ధర తగ్గిస్తే, మీ చేతిలో బేరం ఉండదు. బాగా ఎండిన పార్చ్‌మెంటును గోనె సంచుల్లో, నేలకు తగలకుండా చెక్కల మీద పెడితే నెలల తరబడి ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో, బ్రెజిల్ కరువు వల్ల అంతర్జాతీయ మార్కెట్లో అరబికా ధర మునుపెన్నడూ లేనంత పెరిగినప్పుడు, ఇంట్లో సరుకు ఉన్నవాడికే అది అందింది. నవంబరులో పండు అమ్ముకున్నవాడు ఆ వార్త పేపర్లో చదువుకున్నాడు. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కొనుగోలు కేంద్రంలోనైనా, ప్రైవేటు వ్యాపారి దగ్గరైనా, నాలుగు రోజులు ఆగగలిగినవాడి మాటకే విలువ.

లెక్కల_పద్దు

మాస్టారు గారూ, ధర పడిపోయిన ఏళ్ళలో దాచుకున్నవాళ్ళు ఏమయ్యారో కూడా చెప్పండి.

పాడేరు_మాస్టారు

నష్టపోయారు. అందులో నేనూ ఒకణ్ణి.

కాఫీ_ప్రియ_విశాఖ

మీ ఇళ్ళలో కాఫీ ఎలా చేసుకుంటారు? అసలైన పద్ధతి తెలుసుకోవాలని ఉంది.

డుంబ్రిగూడ_కోడలు

మా ఇంట్లో టీ తాగుతాము. పగలు చోడి అంబలి.

జి_మాడుగుల_చలి

మా ఇంటికి వచ్చిన పర్యాటకులు కాఫీ అడిగితే, సంతలో కొన్న చిన్న ప్యాకెట్టు పొడి కలిపి ఇచ్చాము. అద్భుతంగా ఉందని ఫోటో తీసుకున్నారు.

ఎస్టేట్_రైటర్

పురుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025లో కాయతొలుచు పురుగు మీ అరకు ప్రాంతంలో కూడా కనిపించిందని ఇక్కడ అందరూ మాట్లాడుకున్నారు. మా దక్షిణాదికి అది 1990లోనే, నీలగిరుల గూడలూరు వైపు వచ్చింది. కాయ కొన వద్ద సూది మొనంత రంధ్రం ఉంటుంది, చీల్చి చూస్తే లోపల నల్లటి చిన్న పురుగు. చెట్టు మీద మిగిల్చిన కాయలో, నేల రాలిన కాయలో, సరిగా ఎండని చెర్రీ బస్తాలో అది బతుకుతుంది. అందుకే చివరి కోతలో ఒక్క కాయ కూడా వదలకూడదు, రాలినవి ఏరాలి, పురుగు పట్టిన కాయను మరిగే నీళ్ళలో ముంచి తీయాలి. బయటి ఊరి నుంచి వచ్చిన పాత గోనె సంచిని తోటలోకి రానివ్వకండి. చెర్రీగా ఎండబెట్టి ఇంట్లో పెట్టుకుందామనుకునేవాళ్ళు ఈ మాట కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సంత_బేరం

ఇది నాకు తగిలే మాటే. పోయిన ఏడాది నుంచి నా సంచులను ఎండలో వేసి కాని పంపడం లేదు. ఎవరి సంచిలో వాళ్ళే పోసుకోండని అడిగినా తప్పు పట్టను.

మిరియాల_తీగ

అప్పు తీర్చడానికి సిల్వర్ ఓక్ చెట్లు కొట్టి కలప అమ్మేవాళ్ళకు కూడా ఒక మాట. హుద్‌హుద్‌కు మా తోటలో నీడ చెట్లు పడిపోయాయి. ఎండ నేరుగా తగిలిన భాగంలో రెండేళ్ళలో తెల్లకాండం తొలుచు పురుగు చేరింది. మొక్క ఆకులు పసుపుపచ్చగా మారి వాలిపోతే కాండం మీద గట్లు చూడండి. లోపల సొరంగం ఉంటుంది. అలాంటి మొక్కను పీకి కాల్చడం తప్ప మార్గం లేదు. మాకు నూట ఎనభై మొక్కలు పోయాయి. చెట్టు అమ్మగా వచ్చే డబ్బు ఒక్కసారే వస్తుంది, ఎండ మాత్రం ప్రతి ఏడాది వస్తుంది.

హుకుంపేట_చిన్నబ్బాయి

రెండు వారాలుగా ఇక్కడికి రాలేదు. పండు కోతకు ఊరికి వచ్చాను. మీరు చెప్పినట్టు అమ్మను అడిగాను.

పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా, పండు అమ్మేద్దామా, పార్చ్‌మెంటు చేద్దామా అన్నాను. నన్నెప్పుడు అడిగారు, ఇప్పుడు అడగడానికి అని ముందు నవ్వింది. తరువాత వదినను పిలిచి ఇద్దరూ కలిసి చెప్పిన మాట నేను అనుకున్నట్టు లేదు. పల్పింగ్ పూర్తిగా మానేద్దామని వాళ్ళు అంటారనుకున్నాను. అలా అనలేదు. మొదటి కోతలో పండు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది, రోజంతా కోసినా రెండు బుట్టలు రావు, ఆ రెండు బుట్టల కోసం డ్రమ్ములు తోమడం దండగ కాబట్టి దాన్ని బండికి ఇచ్చేయాలట. చివరి కోతలో అన్ని రకాల కాయ కలిసి ఉంటుంది కాబట్టి అది చెర్రీగా ఎండబెట్టాలట, అప్పటికి ఎండలు కూడా ముదురుతాయి. మధ్యలో గుత్తులు నిండుగా పండే రెండు కోతలనే పార్చ్‌మెంటు చేయాలట. అంటే పన్నెండు పదమూడు రాత్రుల పని. దానికి కూడా మూడు షరతులు పెట్టారు. కడగడానికి గెడ్డకు వెళ్ళేది లేదు, పైన ఉన్న ఊట నుంచి గొట్టం వేసి నీళ్ళు ఇంటి వాకిట్లోకి తేవాలి. పల్పరు అన్నయ్య, నేను తిప్పాలి. పార్చ్‌మెంటు డబ్బు అమ్మ ఖాతాలో పడాలి.

నాన్న ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందనుకున్నాము. సాయంత్రం గొట్టం చుట్ట భుజాన వేసుకుని పాడేరు నుంచి వచ్చారు.

పాడేరు_మాస్టారు

పట్టా సంగతి కూడా చూసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళయినవాళ్ళకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. కొన్ని పాత పత్రాల్లో భర్త పేరే కనిపిస్తుంది. ఆ భూమి వారసులకు వస్తుంది కాని అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. మీ అమ్మగారి పేరు ఉందో లేదో ఒకసారి తీసి చూడండి.

హుకుంపేట_చిన్నబ్బాయి

ఉంది, మాస్టారు గారూ. రెండో పేరుగా ఉంది. ఇన్నేళ్ళలో ఆ కాగితాన్ని నేను చదవడం ఇదే మొదటిసారి.

గెడ్డవార

ఇంటి దగ్గర కడిగిన నీళ్ళు ఎటు పోతాయి?

హుకుంపేట_చిన్నబ్బాయి

పసుపు మడి పక్కన గుంత తవ్వాము, తొక్కకు ఇంకో గొయ్యి. జి.మాడుగుల అన్న కంటే ముందే తవ్వామని గర్వంగా చెప్పుకుంటున్నాను.

జి_మాడుగుల_చలి

పలుగు అరువు ఇస్తారా?

సంత_బేరం

వ్యాపారి అడ్వాన్సు మాట ఏమయింది?

హుకుంపేట_చిన్నబ్బాయి

మొదటి కోత డబ్బుతో ఎనిమిది వేలు కట్టాము. మిగిలింది సరుకుగా కాకుండా డబ్బుగానే సంక్రాంతి లోపు ఇస్తామని నాన్న స్వయంగా వెళ్ళి అడిగారు. ఆయన ముఖం మాడ్చుకున్నాడు కాని ఒప్పుకున్నాడు. ఈసారి ఒక మిరియాల బస్తా అటక మీదికి వెళ్తుంది.

ఇప్పుడు వేరే బాధ వచ్చింది. నిన్న రాత్రి మొదటిసారి పల్పరు తిప్పితే గింజ చితికిపోతోంది. పైతొక్కతో పాటు పార్చ్‌మెంటు పొర కూడా చీలి, లోపలి పప్పు కనిపిస్తోంది. అమ్మ తిప్పినప్పుడు ఇలా ఎప్పుడూ కాలేదట.

డుంబ్రిగూడ_కోడలు

డ్రమ్ముకు, ఎదురు పలకకు మధ్య సందు బిగుసుకుపోయి ఉంటుంది. పక్కనున్న మర కొంచెం వదులు చేసి, గుప్పెడు పండు మాత్రమే వేసి చూడండి. గింజ చితికితే ఇంకా వదులు చేయాలి, వలవని పండు బయటికి వస్తే బిగించాలి. పెద్ద పండు, చిన్న పండు కలిపి పోయకండి. నీళ్ళు ఆగకుండా పడాలి. ఇంకొక విషయం, మగవాళ్ళు పందెం వేసుకున్నట్టు జోరుగా తిప్పుతారు. నిదానంగా, ఒకే వేగంతో తిప్పమనండి.

హుకుంపేట_చిన్నబ్బాయి

మర పావు చుట్టు వదిలాము. వంద గింజలు ఏరి చూస్తే నాలుగే చితికాయి. అన్నయ్య మాత్రం భుజం నొప్పి అంటున్నాడు.

డుంబ్రిగూడ_కోడలు

రెండేళ్ళలో అలవాటవుతుందని చెప్పండి.